చెల్లని కాసులు

రాగిబిళ్ల మీద "ఒక సెంటు" అని పెద్ద అక్షరాలు. కళ్లజోడు సవరించుకుని చూస్తే వాటి పైన, చీమతలంత అక్షరాలతో "కాదు" అని ఉంటుంది! ఒహైయోలో నర్సుగా ఉన్న మా పెద్దమ్మాయి నాకు పంపిన మొదటి బిళ్ల అది. ఇప్పుడు నా దగ్గర పదకొండున్నాయి. "ఏ కొట్లోనూ చెల్లనివి ఎందుకండీ?" అంటుంది మా ఇంటావిడ.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. భయపడిన జనం బంగారం, వెండి, చివరకు సెంట్లు కూడా దాచేసుకున్నారు. చిల్లర లేక బేరాలు ఆగిపోయాయి. అప్పుడు కిరాణావారు, మందుల కొట్లవారు తమ పేరూ, వీధీ అచ్చువేయించి ఈ బిళ్లలు చెలామణీలోకి తెచ్చారు. ప్రకటనకు ప్రకటన, చిల్లరకు చిల్లర. దుకాణాల పేర్లున్నవి అన్ని రాష్ట్రాలకంటె ఒహైయోలోనే ఎక్కువ వెలువడ్డాయి.

ప్రియ పాఠకులారా, మా తిరుమలగిరి పెద్దలకు రెండు రకాల డబ్బు కొత్త కాదు. కంటోన్మెంటులో కల్దారు, నగరంలో నిజాంగారి హాలీ సిక్కా. ఆరు కల్దారులకు ఏడు హాలీలని మా నాయనగారు నోటిలెక్కన చెప్పేవారు. అయితే ఆ రెంటి వెనుకా సర్కారు ఉంది. ఈ బిళ్లల వెనుక ఉన్నది వర్తకుని మాట ఒక్కటే.

న్యూయార్కులో లిండెన్‌ముల్లర్ అనే మద్యం దుకాణదారు 1863లో పది లక్షలకు పైగా బిళ్లలు వేయించాడు. ట్రాము కంపెనీ వారు తమ దగ్గర పోగైనవాటిని మార్చి ఇమ్మంటే నవ్వి పంపేశాడని చెబుతారు. 1864లో అక్కడి కాంగ్రెసు ఇటువంటి ప్రైవేటు నాణేలన్నిటినీ నిషేధించింది.

కంపెనీ నష్టం సంగతి నాకు పట్టలేదు గాని, ఆ కథ వినగానే మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. మా వీధి కొట్టతను చిల్లరకు బదులు చీటీలు రాసిచ్చేవాడు. ఒకనాడు కొట్టు మూసి వెళ్లిపోయాడు. అమ్మ పోపులడబ్బాలో పద్దెనిమిది చీటీలు మిగిలాయి. అన్నీ కలిపినా మూడు రూపాయలు కావు. అయినా ఆ సాయంత్రం ఆమె వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ నెల మాకు ఆ మూడు రూపాయలూ పెద్దవే.

అందుకేనేమో, కొత్తగా మెరిసే బిళ్లలకంటె సిన్సినాటి నుండి వచ్చిన ఒక అరిగిన బిళ్ల అంటేనే నాకిష్టం. ఎన్ని చేతులు మారిందో, ఆ షాహుకారు ఎన్నిసార్లు వెనక్కి పుచ్చుకుని సరుకిచ్చాడో! పేరు సగం చెరిగిపోయింది. భూతద్దంతో చూస్తున్నాను. ఇంతవరకు వీధి పేరు మాత్రం తేలింది.