పనిమనిషి మోకాలు

ఏ రోగం పేరు విన్నా ముందుగా వ్యుత్పత్తి వెదకడం తెలుగు పండితునిగా నాకు అబ్బిన అలవాటు. 'బర్సైటిస్' అన్న పేరుకు మూలం 'బర్సా'. లాటినులో సంచి అని అర్థం. మనం నిత్యం వాడే 'పర్సు' కూడా అక్కడి నుండి వచ్చినదే.

మన దేహంలో ఇటువంటి సంచులు సుమారు 150 ఉన్నాయి. ఎముకకూ చర్మానికీ మధ్య, ఎముకకూ స్నాయువుకూ మధ్య ఒరపిడి లేకుండా, పలుచని పొరలో కాస్త జిగురు ద్రవంతో ఒదిగి ఉంటాయి. ఒకే చోట పదేపదే ఒత్తిడి పడితే ఆ పొర వాచి, ద్రవం ఊరి, సంచి ఉబ్బుతుంది.

ఆంగ్ల వైద్యులు వీటికి వృత్తుల పేర్లు పెట్టారు. మోచేతి కొనపై వస్తే 'విద్యార్థి మోచేయి'. కూర్చునే ఎముక వద్ద వస్తే అది నేతగాని బాధ. మోకాటి చిప్ప ముందు వస్తే 'పనిమనిషి మోకాలు'. రోగకారణం పేరులోనే ఉన్నది.

మాతో కలిపి నాలుగిళ్ళలో నేల తుడిచే ఆవిడకు కిందటేడు ఇదే వచ్చింది. చిప్పపై నిమ్మకాయంత వాపు. వైద్యుని వద్దకు నేనూ వెంట వెళ్ళాను. ఎరుపు, జ్వరం లేవు కనుక చీము పట్టలేదన్నారాయన. గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు పెట్టమన్నారు. కొన్నాళ్ళకు నొప్పి మాత్రలు రాసి, తగ్గకపోతే సూదితో ద్రవం తీయవచ్చునన్నారు. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయవద్దనీ, ఇంట్లో ఎవరూ దాన్ని పొడవకూడదనీ హెచ్చరించారు. చివరగా, "మూడు వారాలు మోకాలు నేలకు ఆనించకు" అన్నారు.

"ఆనించకుండా తుడిచేదెట్టా బాబూ? అన్నాళ్ళు మానితే ఇంకో మనిషిని పెట్టుకోరూ?" అన్నదామె. ఆయన వద్ద దానికి మందు లేదు.

ఆ సాయంత్రమే మా ఇంటికి పొడుగు కర్ర మాప్ వచ్చింది. మా ఆవిడ తక్కిన మూడిళ్ళకూ వెళ్ళి మాట్లాడింది. ఇద్దరు కొన్నారు. మూడవవారు "కర్రతో మూలల్లో దుమ్ము పోదండీ" అన్నారు. నెల తిరిగేసరికి వాపు చాలావరకు తీసింది. ఆ ఒక్క ఇంటికి మాత్రం ఆమె మోకాటి కింద వేసుకోవడానికి మడిచిన పాత దుప్పటి ముక్క చంకన పెట్టుకొని వెళుతున్నది.

మిత్రులారా, మీ ఇంట నేల తుడిచేవారి చేతిలో ఏమున్నదో ఒకసారి చూడండి.