అమ్మ దాచిన డబ్బు బిళ్ళ

అమ్మ సంవత్సరీకాలు అయిన మర్నాడు ఆవిడ దేవుడి పెట్టె తెరిచాం. తమ్ముడు, చెల్లెలు, నేను, మా పిన్ని కూర్చున్నాం. గంధపు చెక్క, రెండు సాలగ్రామాలు, తులసి పూసల దండ, అన్నిటికీ అడుగున పసుపు గుడ్డలో మూటకట్టిన రెండు రాగి నాణేలు.

ఒకదాని మీద సీతారామలక్ష్మణులు, పాదాల దగ్గర ఆంజనేయస్వామి. వెనక ఈస్టిండియా కంపెనీ పేరు, అర అణా అన్న మాట, 1818 సంవత్సరం. రెండోది బాగా అరిగిన పెద్ద బిళ్ళ. ఒకవైపు ఏవో మృగాలు, ఇంకోవైపు ఉర్దూ లాంటి రాత. దాన్ని అమ్మ "డబ్బు బిళ్ళ" అనేది. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిందట. పిల్లలతో ముద్దుగా అంటోంది కాబోలు అనుకునేవాళ్ళం. ఏటా వినాయక చవితి ముందురోజు రెండింటినీ చింతపండుతో తళతళలాడేలా తోమి పీట మీద పెట్టేది.

తమ్ముడి చూపు రాముడి నాణెం మీద నిలిచిపోయింది. వాడి ఇబ్బంది వాడిది. దుకాణం రెండేళ్ళుగా నష్టంలో ఉంది, కూతురి పెళ్ళి కుదిరింది. నాలుగు రోజుల్లో ఒక బ్రోకరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పెద్దమనిషి నాణేన్ని అరచేతిలో ఉంచుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఇది మామూలు రాగి కాదండీ, బియ్యపు గింజల్ని లాగే రాగి. విదేశాల్లో కొనేవాళ్ళున్నారు. ముప్ఫై లక్షలకు తగ్గదు" అన్నాడు. అయితే పరీక్ష ఖర్చు నలభై వేలు ముందుగా మనమే కట్టాలట. మరదలి గాజులు తాకట్టు పెట్టే మాట కూడా అయిపోయిందని చెల్లెలు నా చెవిన వేసింది.

"వారం రోజులు ఆగరా" అన్నాను.

"నీకు నెలనెలా పెన్షన్ వస్తుంది అన్నయ్యా, నువ్వు ఎన్నాళ్ళైనా ఆగగలవు" అన్నాడు. గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది.

మా బరంపురంలోనే రిటైరైన చరిత్ర మాస్టారు ఒకాయన ఉన్నారు. నలభై ఏళ్ళుగా నాణేలు పోగుచేస్తున్నారు. మూట పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "వీటిని తోమారా?" అమ్మ ఎంత శ్రద్ధగా తోమేదో గొప్పగా చెప్పాను. ఆయన నిట్టూర్చారు. రాగి మీద ఏళ్ళతరబడి కట్టే ముదురు రంగు పొర దానికి రక్ష అట. చింతపండు ఆ పొరతో పాటు అక్షరాల పదునును కూడా తినేస్తుంది. తోమిన నాణెం కొనేవాడి కంటికి ఆనదు.

ముందు అరిగిన బిళ్ళ తీశారు. భూతద్దంలో నాకూ చూపించారు. డాలుకు చెరోపక్క జెండా పట్టుకున్న సింహం. అది కంపెనీ వారి ముద్ర. కింద సంవత్సరం, వేలితో తడిమితే తప్ప కనబడనంతగా అరిగి, 1808. వెనకవైపు ఉన్నది ఉర్దూ కాదు, పారసీ. ఇరవై కాసులు నాలుగు ఫలూసులు అని దాని అర్థమట. దాని కిందనే రోమన్ అంకెల్లో ఇరవై, పక్కన క్యాష్ అని ఇంగ్లీషులో. తక్కెడలో వేస్తే తొమ్మిది గ్రాముల పైచిలుకు తూగింది. అడ్డం కొలిస్తే మూడు సెంటీమీటర్లు. తూకం, కొలత, రాత మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయి.

"ఇది మద్రాసు ప్రెసిడెన్సీ ఇరవై కాసుల నాణెం. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్ అనే ఆయన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టించి ఓడల్లో పంపేవారు" అన్నారు మాస్టారు. కంపెనీ లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే ఇలాంటివి నాలుగైతే ఫణం, 168 అయితే వరహా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కనుక, ఈ బిళ్ళ మా ఊళ్ళో దొరకడం వింతేమీ కాదు.

"మరి దీన్ని జనం ఏమనేవారో తెలుసా?" అన్నారు. "డబ్బు!"

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఇరవై కాసుల రాగి నాణేనికి తెలుగువాళ్ళు పెట్టుకున్న పేరే డబ్బు. తర్వాత తర్వాత అది సొమ్ముకంతటికీ పేరైంది. దుడ్డు అన్నా అదే. బెంగుళూరులో ఉన్న మనవాళ్ళు కన్నడిగులతో "దుడ్డు" అంటున్నా, మద్రాసులో ఉన్నవాళ్ళు "తుట్టు" వింటున్నా అది ఈ బంధువే. అమ్మ ముద్దుకు అనలేదు. వాళ్ళ అమ్మమ్మ నోట విన్న అసలు పేరునే ఆవిడ అట్టేపెట్టింది.

"అయితే విలువెంతండీ?" అని అడిగాను, కొంచెం ఆశగానే.

"ఈ అరుగుదలకు కొన్ని వందలు" అన్నారాయన. పాతదైనంత మాత్రాన ధర రాదట. ఎన్ని మిగిలాయి, ఎంత చెక్కుచెదరకుండా ఉన్నాయి, కోరేవాళ్ళెందరు, ఈ మూడే చూస్తారు. 1808 నాటి ఈ నాణేలను టన్నుల కొద్దీ మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ ఇసుక దిబ్బల మీద మునిగింది. 1980లలో ఈతగాళ్ళు వాటిని లక్షల కొద్దీ పైకి తీశారు. ఎవరి చేతా పడని ఆ నాణేలే ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. ఇక అరిగినదానికి ఏం గిరాకీ?

రాముడి నాణెం ఎక్కువసేపు పట్టలేదు. అక్షరాలు మొద్దుగా ఉన్నాయి, మధ్యన సన్నని గుంటలున్నాయి, అంచు చుట్టూ అతుకు గీత ఉంది. పోతపోసిన గుర్తులవి. మద్రాసు బంగారు వరహాల మీద దేవుళ్ళున్న మాట నిజమే, అందుకే జనం నమ్ముతారు. కానీ రామ పట్టాభిషేకంతో కంపెనీ అర అణా ఏనాడూ కొట్టలేదు. అర అణా అని రాసిన కంపెనీ రాగి నాణేలు చెలామణీలో కనబడేది 1830ల నుంచి. "పూజకు మంచిదే, అమ్మకానికి కాదు" అన్నారు. అయస్కాంతానికి అంటకపోతే అసలుదనుకుంటారు కొందరు. ఇనుము కాదని తేలుతుంది, అంతే. నిజంగా నూరేళ్ళు దాటినదే అయినా, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మనబోటివాళ్ళు విదేశాలకు పంపకూడదు.

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను. నమ్మలేదు. "సరే, బ్రోకరు గారిని మన ఎదుటే పరీక్ష చెయ్యమను, ఖర్చు అమ్మిన సొమ్ములో మినహాయించుకోమను" అన్నాను. వాడు ఆ మాటే అడిగాడు. మర్నాటి నుంచి ఆ పెద్దమనిషి ఫోను ఎత్తలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. "అమ్మ మనతో అబద్ధం చెప్పిందా అన్నయ్యా?" అన్నాడు. పిన్ని లోపలి నుంచి వచ్చింది.

"మీ అమ్మ ఎప్పుడు చెప్పిందిరా అది పాతదని? రథయాత్రకు పూరీ వెళ్ళినప్పుడు బడదాండలో ఇద్దరం చెరొకటి కొనుక్కున్నాం. నీకు టైఫాయిడ్ తగ్గితే రాముణ్ణి పూజలో పెట్టుకుంటానని మొక్కుకుంది. మీరడిగారా, ఆవిడ చెప్పడానికి?"

నిజమే. పాతదని అనుకున్నది మేమే.

పెళ్ళి ఖర్చులో కొంత నేను సర్దాను. వాడు బ్రోకరు దాకా వెళ్ళకముందే చెయ్యవలసిన పని అది. రాముడి బిళ్ళ తమ్ముడి ఇంట పూజలో ఉంది, ఎవరేమిచ్చినా అమ్మనంటున్నాడు. డబ్బు బిళ్ళను మా అమ్మాయికి, అంటే తమ్ముడి కూతురికి, అప్పగింతలనాడు పసుపు గుడ్డలోనే కట్టి ఇచ్చాను. దాని పేరేమిటో, ఆ పేరు ఎక్కడిదో చెప్పాను.

చింతపండు మాత్రం తగిలించవద్దమ్మా అని మరీమరీ చెప్పాను.