తూటా బరువు

మా దాదాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరి ఇరవై ఏండ్లు దాటింది. ఆయన ఇనుప పెట్టెలో నుండి నా వాటాకు వచ్చినవి మూడు వస్తువులు: కంసాలులు వాడే చిన్న త్రాసు, విక్టోరియా రాణి ముఖముద్ర గల వెండి రూపాయి, పుట్టగొడుగు వలె విచ్చుకొని ఒక ప్రక్క చిరిగిపోయిన సీసపు ముక్క. మొదటి రెండింటికి వెల కట్టగలవారు చార్మినారు సందులలో ఎందరైనా దొరుకుతారు. మూడవదాని విలువ ఎరిగినవారు ఆయన ఒక్కరే.

నిజాం ప్రభుత్వంలో గిర్దావరుగా చేరి, ఆదిలాబాదు జిల్లాలో చిరకాలం తిరిగిన దాదాజాన్‌కు వేట ఒక వ్యసనం. 1949లో జాగీర్లు రద్దయిన పిమ్మట కొందరు జాగీర్దార్లు తమ తుపాకులను అమ్ముకున్నారు. అట్టివారిలో ఒకరి వద్ద ఆయన ఒక 275 రిగ్బీ రైఫిలు కొన్నారు. 1907లో చంపావత్ ఆడపులిని కూల్చినందుకు జిమ్ కార్బెట్‌కు బహూకరించింది ఈ జాతి రైఫిలునే. కావున మా ఇంట ఆ తుపాకికి కొంత మర్యాద ఎక్కువగానే జరిగేదని దాదీ పరిహాసం చేసేది.

తుపాకి గుండును గ్రెయిన్లలో తూచుతారు. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌను. ఈ కొలత మనకు పరాయిది కాదు. ఆంగ్లేయుల నాటి వెండి రూపాయి బరువు సరిగా 180 గ్రెయిన్లు. పాత తులం కూడా అంతే. నేటి నగల దుకాణంలో తులమంటే 10 గ్రాములే గాని, ఆ తులం 11.66 గ్రాములు. దాదాజాన్ రైఫిలుకు రెండు రకాల గుండ్లు దొరికేవి. ఒకటి 173 గ్రెయిన్లది, పొడవైనది, తులానికి ఏడు గ్రెయిన్లు తక్కువ. రెండవది 140 గ్రెయిన్లది, ముప్పాతిక తులానికి కొంచెం ఎక్కువ. తేలిక గుండు వేగంగా పోతుంది. దూరం పోయినా అంతగా క్రిందికి వాలదు. కనుక గురి కుదుర్చుకోవడం సులభం.

దాదాజాన్ తేలిక గుండునే ఎంచుకున్నారు. అందుకు ఆయనకు వేరొక కారణం కూడా ఉండేది. గుండు దెబ్బకే ప్రాణం పోయిన జంతువును హలాల్‌గా హనఫీ పండితులలో అధికులు అంగీకరించరు. ఊపిరి ఉండగానే చేరుకొని కత్తితో జిబహ్ చేయాలి. బరువైన గుండు అక్కడికక్కడే చంపివేస్తుందనీ, తేలికది పడగొట్టి ఆ కాస్త వ్యవధి ఇస్తుందనీ ఆయన తర్కం. వినడానికి ఇది దయ వలెనే ఉంటుంది. నేనైనా ఆ వయసులో అట్లే తలచి ఉండేవాడిని.

1961 చలికాలం. జన్నారం అడవిలో, ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి, వాగు ఆవలి గట్టున ఒక పెద్ద కణుజు ప్రక్కవాటుగా నిలిచింది. మనదేశపు మగ కణుజు మూడు వందల కిలోల వరకు తూగగలదు. దాదాజాన్ బిస్మిల్లాహ్ అని పేల్చారు. గుండు భుజానికే తగిలింది. జంతువు మోకాళ్లపై కూలి, మరల లేచి, పొదలలోకి పోయింది. ఆయన కత్తి చేత పట్టుకొని వాగు దాటేసరికి గడ్డిపై నెత్తుటి చుక్కలు మాత్రమే ఉన్నాయి. వెంట వచ్చిన గోండు పెద్ద ఆ చుక్కలను చూచి, ఇది ఊపిరితిత్తుల నెత్తురు కాదని మాత్రం అన్నాడట. ఆ దినమంతా వెదికారు. రాత్రి అడవిలోనే గడిపి మరునాడు మధ్యాహ్నం వరకు వెదికారు. చివరకు ఒక మడుగు అంచున అది దొరికింది. చచ్చి ఎంతో సేపు కాలేదు. ఒళ్లింకా వెచ్చగానే ఉన్నది. అనగా ఒకటిన్నర దినం విరిగిన భుజంతో నడచిందన్నమాట. అది ఎవరి నోటికీ ఆహారం కాలేదు. జిబహ్ చేసేవాడు కత్తిని పదును పెట్టుకోవాలనీ, జంతువును బాధించరాదనీ చెప్పే హదీసును మా ఇంట పిల్లలకు తొలినాటనే నేర్పుతారు. అది తెలిసి కూడా మొద్దుబారిన కత్తితోనే అడవికి పోయినట్లయిందని దాదాజాన్ అనేవారు.

ఎక్కడ పొరపాటు జరిగిందో ఆయన తరువాత తెలుసుకున్నారు. నేనూ కళాశాల గ్రంథాలయంలో ఆ విషయం చదివాను. గుండు ఎంత లోతుకు దిగుతుందో చెప్పేది కేవలం దాని బరువు కాదు. అడ్డుకొలతకు తగిన బరువు. పౌన్లలో బరువును, అంగుళాలలో అడ్డుకొలత వర్గంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. 140 గ్రెయిన్ల గుండుకు అది 0.248, 173 గ్రెయిన్లదానికి 0.306. 1912లో వచ్చిన 375 మాగ్నం రైఫిలుకు 235, 270, 300 గ్రెయిన్ల గుండ్లు ఉన్నాయి. జింకలకు మొదటిదైనా సరిపోవచ్చును గాని, అడవిదున్న వంటి మందపు చర్మానికి చివరిదే తగును. ఆ 300 గ్రెయిన్ల గుండు అంకె 0.305. అనగా తులమైనా లేని దాదాజాన్ గుండు, దాదాపు ఒకటీ ముప్పాతిక రెట్లు బరువైన దానితో ఈ విషయంలో సరితూగుతుందన్నమాట! స్కాట్లండు దేశీయుడైన డబ్ల్యు. డి. ఎమ్. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో అధికభాగం ఈ చిన్న రైఫిలుతోనే, 173 గ్రెయిన్ల నిండు తొడుగు గుండ్లతోనే. ఆ సంఖ్యను మెచ్చుకోవడానికి నాకు మనసు రాదు. అయితే మెదడు ఎక్కడుందో తెలియడానికి ఏనుగు పుర్రెను రంపంతో కోయించి చూచిన శ్రద్ధను మాత్రం కాదనలేను. మన పెద్దలు కొందరు తమ తుపాకి గొట్టం ఎంత లావో చెప్పుకొని మీసం దువ్వేవారు. గుండు ఎముకను తాకిన పిమ్మట ఏమవుతుందని అడిగినవారు తక్కువ.

అటు తరువాత దాదాజాన్ 173 గ్రెయిన్ల గుండ్లు తప్ప వాడలేదు. ముక్కు మెత్తగా ఉన్నవే తెప్పించుకునేవారు. నిండు తొడుగువి విచ్చుకోక, జింకను దాటి వెనుకనున్న మరొకదానికి తగులుతాయని ఆయన భయం. పదకొండేండ్లలో మూడుసార్లు మాత్రమే పేల్చారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత రైఫిలును వదలుకున్నారు. ఆ జన్నారం అడవి 2012 నుండి కవ్వాల్ పులుల అభయారణ్యంలో భాగం.

నాకు పదేండ్లప్పుడు ఒక ఈదు సెలవులలో ఆయన ఆ త్రాసు నా చేతికిచ్చి, ఒక తట్టలో రూపాయి, మరొక తట్టలో సీసపు ముక్క వేయించారు. రూపాయి ధన్‌మని క్రిందికి పోయింది. ముక్క ప్రక్కన గురివింద గింజలు పోస్తూ పోస్తూ ముల్లు సమానం చేయించారు. ముక్క తూగింది తులంలో మూడవ వంతు, అరవై గ్రెయిన్లు.

"బేటా, నేను పేల్చింది నూట నలభై. మిగిలిన ఎనభై ఎక్కడ?" అన్నారు.

నాకు తెలియలేదు. ఆయన తన కుడి భుజంపై చేయి వేసుకొని చూపారు.