నాన్న ఇంకా రాలేదేం?

నాన్న 2011లో పోయారు. ఇప్పటికీ పొద్దుగూకితే అమ్మ, "మీ నాన్న ఇంకా రాలేదేంరా?" అంటుంది. హేతువాదిని కదా, మొదట్లో నిజమే చెప్పేవాణ్ణి. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న.

బంధువులు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టమన్నారు. కట్టలేదు. డాక్టరు ఆల్జీమర్స్ అన్నారు. ఇది మెదడులో వచ్చే మార్పని 1906లోనే ఆలోయిస్ ఆల్జీమర్ ఒక రోగి మెదడును సూక్ష్మదర్శినిలో చూసి చెప్పాడు. కొత్త సంగతి నిలవని మెదడుకు నా నిజం వల్ల తెలిసేదేమీ లేదు, దుఃఖం తప్ప.

ఇప్పుడు "నాన్న సంగతులు చెప్పమ్మా" అంటాను. పెళ్ళినాటి కబుర్లలో పడి ప్రశ్న మరిచిపోతుంది. అబద్ధమాడలేదు, ఏడిపించలేదు. అయినా ఒక్కోరోజు విసుక్కుంటాను. అందుకే ఆదివారాలు చెల్లెలు వస్తుంది, నేను నిద్రపోతాను. అదీ వైద్యంలో భాగమే అని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.