అబ్బా పానాలు

‘‘మెకానిక్కులంతా మీ వాళ్ళేగా! మీకేం బాధండీ?’’

బండి పాడైందని ఆఫీసులో ఎవరితో అన్నా ఈ మాటే వస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు పత్రికల డెస్కుల మీద పనిచేస్తున్నాను. చదివింది బి.ఏ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రెండూ నావే. రంజాన్ ఫీచరు రాయాలంటే నేనే. ఉర్దూ ప్రెస్‌నోటు చదవాలంటే నేనే. హలీం ఎక్కడ బాగుంటుందో చెప్పాలన్నా నేనే. అలాగే మెకానిక్కుల చిరునామాలు కూడా నా జేబులోనే ఉండాలి. ఎవరూ చెడ్డ మనసుతో అనరు. అందుకే జవాబు చెప్పడం కష్టం.

వాళ్ళనుకున్నది సగం నిజమే. మా అబ్బా మెకానిక్కే. విజయవాడ ఆటోనగర్లో రేకుల షెడ్డు కింద ముప్పయ్యేళ్ళు లారీలూ అంబాసిడర్లూ విప్పి బిగించాడు. వాళ్ళకి తెలియని సగం ఏమిటంటే, ఆ అబ్బా కొడుకునైన నాకు 2020 దాకా స్పార్క్ ప్లగ్గు విప్పడం కూడా రాదు.

రానివ్వలేదు ఆయన. వేసవి సెలవుల్లో షెడ్డుకి అన్నం క్యారేజీ పట్టుకెళ్తే, నేలమీదున్న పానా సరదాకి అందుకున్నా అరిచేవాడు. ‘‘మేరే హాత్ కాలే హోగయే, బస్. తేరే నక్కో.’’ నా చేతులు నల్లబడ్డాయి చాలు, నీవి వద్దు అని. శుక్రవారం జుమాకి బయల్దేరే ముందు కిరసనాయిలుతో ఒకసారి, సర్ఫుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడిగేవాడు. అయినా గోళ్ళ సందుల్లో నలుపు అలాగే ఉండేది. ఆ చేతులతోనే నా కాలేజీ ఫీజు లెక్కపెట్టి ఇచ్చేవాడు.

పదో తరగతి ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట నేను ‘బిజినెస్’ అని రాశాను. అబ్బాకి తెలుగు చదవడం రాదు. ఉర్దూ మాత్రం కూడబలుక్కుని చదివేవాడు. ఏం రాశావని అడగకుండా నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టాడు. ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

2006లో సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చిన రోజు ఆ వార్త తెలుగు చేసింది నేనే. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం, ఐ.ఏ.ఎస్.లలో 3 శాతం. నెలజీతం ఉద్యోగాల్లో తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ. అర్ధరాత్రి ఎడిషన్‌కి పరుగులు పెడుతూ ఆ వాక్యం రాశాను. అది మా అబ్బా గురించి రాసిన వాక్యమని నాకు తట్టలేదు. ఎవరి గురించో అన్నట్టు జాలిపడి ఇంటికొచ్చి పడుకున్నాను. అబ్బా 2011లో పోయాడు. ఆయన పానాలు గోనెసంచిలో చుట్టి అమ్మీ తన మంచం కింద పెట్టుకుంది. ఎవరు అమ్మేద్దామన్నా ఒప్పుకోలేదు.

2020 వచ్చింది. కరోనా పేరు చెప్పి ఆఫీసులో సగం జీతం కోశారు. ఆ ఏప్రిల్లో మర్కజ్ వార్తలు వరసపెట్టి మా డెస్కు మీదుగానే వెళ్ళాయి. ఎక్కడెక్కడ ఎంతమందిని పట్టుకున్నారో, ఎవరు ఎక్కడ దాక్కున్నారో. వాటిలో కొన్నిటికి హెడ్డింగులు పెట్టింది ఈ చేతులే. అబ్బా నల్లబడకుండా కాపాడిన చేతులు. ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టాను. వేరే సాకు నాకు లేదు.

జూలైలో మచిలీపట్నం నుంచి చెల్లెల్ని చూసి వస్తున్నాను. నాది 2006 మోడల్ మారుతి 800, పాతది కొన్నాను. 1983లో మొదలై 2014లో ఆగిపోయిన బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. లారీలు విప్పిన మా అబ్బా దాన్ని ‘కుట్టుమిషను’ అనేవాడు. ఉయ్యూరు దాటాక వేడి చూపించే ముల్లు పైకి పోయింది. ఆపాలి. ఆపలేదు. ఇంకాస్త దూరమే కదా అని కంకిపాడు దాకా లాక్కొచ్చాను. అక్కడ బానెట్ తెరిచి, పొగలు కక్కుతున్న ఇంజన్లో చల్లటి నీళ్ళు పోశాను. ఒకదాని తర్వాత ఒకటి, రెండూ చేయకూడని పనులే.

మర్నాటి నుంచి రేడియేటర్లో నీళ్ళు తగ్గిపోతున్నాయి, కింద చుక్క పడటంలేదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. ఇంజన్ నడుస్తుంటే రేడియేటర్లో బుడగలు. ఆయిల్ మూత విప్పితే లోపల మజ్జిగ మీద తేలిన వెన్నలాంటి తెట్టు. గ్యారేజీకి ఫోన్ చేస్తే హెడ్డు గ్యాస్కెట్ పోయింది, పద్నాలుగు వేలవుతుంది అన్నారు. ఆ నెల నా చేతికొచ్చిన జీతంలో అది పెద్ద భాగం.

అప్పుడు గుర్తొచ్చాడు ఛోటే మామూ. అమ్మీ తరఫున దూరపు చుట్టం, అబ్బా దగ్గరే షాగిర్దుగా చేరి పని నేర్చుకున్నవాడు. డెబ్బై దగ్గర పడ్డాడు. షుగరుతో చూపు మందగించింది, చేతులు వణుకుతాయి. పని మానేసి మూడేళ్ళయింది. వించిపేటలోనే, మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటాడు. విషయం చెబితే కాసేపు ఆలోచించి అన్నాడు: ‘‘నేను కుర్చీలో కూర్చుంటా బేటా. చెప్తా. చేతులు నీవి.’’

అమ్మీ మంచం కింది గోనెసంచి తొమ్మిదేళ్ళ తర్వాత విప్పాం. ఆయిల్ గుడ్డల్లో చుట్టిన పానాలు ఒక్కటీ తుప్పు పట్టలేదు.

తెలియనివాళ్ళకి చెప్తాను. ఇంజన్ కింది భాగం బ్లాకు, ఇనుముది. దానిమీద మూతలా కూర్చునేది హెడ్డు, అల్యూమినియంది. రెంటి మధ్య పల్చటి రేకు, అదే గ్యాస్కెట్. సిలిండర్లో మంట, పక్కనే నీళ్ళ దారి, ఆ పక్కనే ఆయిల్ దారి. దేని దారిలో అది పోయేలా చూసేది ఆ రేకే. బండి మరీ వేడెక్కితే అల్యూమినియం ఇనుముకంటే ఎక్కువ సాగుతుంది, హెడ్డు వంకర పోతుంది, రేకు నలిగి కాలిపోతుంది. ఒక దారి ఇంకో దారిలోకి తెరుచుకుంటుంది.

మామూ ఆయిల్ తెట్టు వేలితో తీసి వాసన చూశాడు. ‘‘చూడు, మీ పేపర్లో పండగపండక్కీ రాస్తారుగా, పాలూ నీళ్ళలా కలిసిపోవాలని. ఇదిగో, కలిసిపోయినయ్. బండి చచ్చింది’’ అన్నాడు. నవ్వొచ్చింది. అలాంటివి నేను చాలా రాశాను. ఎవరి దారి వాళ్ళకుంటూనే ఒకే ఇంజన్ని నడపొచ్చని రాయడం ఎప్పుడూ తట్టలేదు.

మొదటి రోజంతా విప్పడమే. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ వైరు తీశాం. నీళ్ళు, ఆయిల్ దింపాం. మొదటి పిస్టన్ పైకి వచ్చేలా తిప్పి, టైమింగ్ గుర్తులు కలిపి, వాటిమీద సుద్దతో గీతలు పెట్టాకే బెల్టు తీయనిచ్చాడు. తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి ప్రతి పైపుకీ, వైరుకీ కాగితం చీటీ అంటించి ఫోన్లో ఫొటో తీసింది. బోల్టులు కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టింది. హెడ్డు బోల్టులు చివర్ల నుంచి మధ్యకి, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒక్కటే పూర్తిగా తీసేస్తే హెడ్డు ఇంకా వంగుతుంది. ‘‘బిస్మిల్లా అను, నిలువుగా లేపు. స్క్రూడ్రైవర్ దూర్చావంటే గీత పడుద్ది’’ అన్నాడు. లేపాను. రెండో సిలిండర్ పక్కన గ్యాస్కెట్ చిటికెనవేలంత మేర కాలిపోయి ఉంది.

‘‘దాదా ఇదంతా ఏ కాలేజీలో చదివాడు?’’ అని అడిగింది మా అమ్మాయి.

మామూ చెప్పాడు. అబ్బా తొమ్మిదేళ్ళప్పుడు ఛోటూగా షెడ్డులో చేరాడట. మొదటి రెండేళ్ళు టీ తేవడం, సామాన్లు కిరసనాయిల్లో కడగడం. పానా ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకరోజు అడిగిన నంబరు కాక ఇంకో నంబరు పానా ఇచ్చాడని ఉస్తాద్ అదే పానా విసిరాడట. కనుబొమ మీద చీరుకుపోయింది. ఆ మచ్చ నేను రోజూ చూసిందే. ఉయ్యాల మీంచి పడ్డానని చెప్పేవాడు మాకు. ఆ మాట వింటూ చేతిలోని పానా నంబరు చూసుకున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మీ లోపలికి వెళ్ళిపోయింది.

రెండో రోజు హెడ్డు ఆటోనగర్ తీసుకెళ్ళాను. ఉక్కు బద్ద అడ్డంగా పెట్టి, సందులో ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే వంకర తెలుస్తుంది. పుస్తకంలో హద్దు 0.05 మిల్లీమీటర్. మాది అంతకంటే ఎక్కువే ఉంది. పగుళ్ళు మాత్రం లేవు. లేత్ షాపులో ఫేసింగ్ చేయించాను. ఇంటికొచ్చి బ్లాకు మీద పాత గ్యాస్కెట్ పెచ్చులు చెక్కముక్కతో గీకాను. బోల్టు రంధ్రాల్లో నీళ్ళూ ఆయిలూ గుడ్డతో పీల్చి తీశాను. అక్కడ తడి ఉండిపోతే బోల్టు బిగించినప్పుడు బ్లాకే పగలొచ్చు. నడుం విరిగింది. మెడ పట్టేసింది. ఇదంతా ఆయన ముప్పయ్యేళ్ళు చేశాడు.

ఆ సాయంత్రం డ్యూటీ మార్పు గురించి ఆఫీసు మిత్రుడొకరు ఫోన్ చేశారు. చేస్తున్న పని చెప్పాను. ‘‘అబ్బ, మీ రక్తంలోనే ఉందండీ!’’ అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. ఫోన్ పెట్టేశాక మామూకి చెప్పాను. ఆయనేం మాట్లాడలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మూడో రోజు బిగింపు. గ్యాస్కెట్ ఏ వైపు పైకి ఉండాలో రెండుసార్లు చూపించమన్నాడు. హెడ్డు బోల్టులు ఈసారి మధ్య నుంచి చివర్లకి, మూడు విడతలుగా. అబ్బా షెడ్డులో టార్క్ పానా లేదు, చేతి అందాజా మీదే బిగించేవారు. మేం ఒకటి అద్దెకి తెచ్చాం. చివరి విడతలో మామూ కుర్చీలోంచి లేచి, వణికే చేతుల్తోనే మామూలు పానా పట్టుకుని తన అందాజాతో బిగించాడు. తర్వాత నేను టార్క్ పానా పెట్టి చూశాను. చాలా బోల్టులు కదలకుండానే టక్కుమన్నాయి. రెండు మాత్రం కొంచెం తిరిగాయి. ‘‘ఆ రెండింటికే ఈ పానా కావాలి. మీ అబ్బా ఉంటే మొట్టమొదట కొనేవాడు’’ అన్నాడు.

బెల్టు వేసి, గుర్తులు కలిపి, ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పాం. ఎక్కడా అడ్డు తగల్లేదు. ఆయిల్ పోసి, కూలెంట్ నింపి, స్టార్ట్ చేశాం. మొదట తెల్లపొగ వచ్చింది, గుండె జారింది. లోపల మిగిలిన నీళ్ళే, పది నిమిషాల్లో ఆగింది. అసలు రోగం రేడియేటర్ ఫ్యాన్ రిలే. అది పోబట్టే బండి వేడెక్కింది. కొత్త రిలేతో ఫ్యాన్ తిరిగినప్పుడు మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. రెండు మూడొందల కిలోమీటర్లు నడిచాక ఆయిల్ మళ్ళీ మార్చాలి, మొదటిదాంట్లో నీటి తడి కలుస్తుంది కాబట్టి.

ఆ రాత్రి లెక్క రాసుకున్నాను. గ్యాస్కెట్ సెట్టు 950. ఫేసింగ్ 600. టైమింగ్ బెల్టు 450. థర్మోస్టాట్ 300. రిలే 250. రెండుసార్లు ఆయిల్, ఫిల్టరు 1,700. కూలెంట్ 350. మొత్తం 4,600. పద్నాలుగు వేల పని! మామూకి గర్వంగా చదివి వినిపించాను.

‘‘ఇంకోటి రాయి’’ అన్నాడు. ‘‘ఉస్తాద్ కూలీ. రోజుకి ఏడొందలు, మూడు రోజులు.’’

నేను తెల్లబోయాను. డబ్బు కోసం కాదు. ఆ వరసే నాకు తట్టలేదు. మామూ కదా, మనవాడు కదా, ఇంట్లో పని కదా అనుకున్నాను.

‘‘ఊరికే చెప్పాననుకో, నువ్వు కూడా రక్తంలో ఉందంటావ్. రక్తం కాదు బేటా, పని. నేర్చుకున్న పని’’ అన్నాడు.

రాశాను. ఉస్తాద్ కూలీ 2,100. మొత్తం 6,700. డబ్బు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మళ్ళీ లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.