పిచోలా గట్టున ఒక రాత్రి

రాజస్థాన్‌లోని ఉదయపూర్‌ను మహారాణా ఉదయసింగ్ 1559లో కట్టించాడని పాఠాల్లో చెబుతాం. ఆ ఊరికి అందమంతా పిచోలా చెరువుది. నీటి నడుమ తెల్లగా కనిపించే జగ్ నివాస్‌ను 1740లలో రెండవ జగత్‌సింగ్ వేసవి విడిదిగా కట్టించాడు. 1960లలో అది హోటలైంది. గట్టు మీది పాత హవేలీలు కూడా చాలావరకు ఇప్పుడు హోటళ్లే.

శిక్షణ కోసం ఆ ఊరు వెళ్లిన మేము నలుగురం మన్యం టీచర్లం. శిక్షణ అయ్యాక తలా కొంత వేసుకుని, గట్టు మీది ఒక పెద్ద హోటల్లో ఒక్క రాత్రికి రెండు గదులు తీసుకున్నాం. కౌంటరు దగ్గరి మనిషి మా చెప్పులు, సంచులు చూసి, "మీ సార్లు ఎక్కడ? డ్రైవర్ల గది వెనక వైపు" అన్నాడు. మాలో పెద్దాయన గొంతు పెంచకుండా, "మేమే సార్లం" అని డబ్బు కట్టిన కాగితం చూపాడు. తాళాలు ఇచ్చారు.

గదికి నీళ్లు తెచ్చిన కుర్రాడు కోట్‌డా వైపు భిల్లుల అబ్బాయి. "మేమూ ఆదివాసులమే, తమ్ముడూ" అని హిందీలో చెప్పాం. మొహం విప్పారింది. కూర్చోమంటే మాత్రం కూర్చోలేదు. డ్యూటీలో కూర్చుంటే ఒప్పుకోరట. నిలబడే కిటికీలోంచి కోట చూపించి, "అక్కడి రాజచిహ్నంలో మావాడున్నాడు, చూశారా?" అన్నాడు.

చూశాం. మేవాడ్ రాజచిహ్నంలో ఒక పక్క రాజపుత్రుడు, మరో పక్క విల్లు పట్టిన భిల్లు ఉంటారు. 1576లో హల్దీఘాటీ యుద్ధంలో భిల్లులు రాణా ప్రతాప్ పక్షాన పోరాడారు. వాళ్ల నాయకుడిగా రాణా పూంజా పేరు అక్కడ చెప్పుకుంటారు. ఈ చెరువును కూడా ఊరు పుట్టకముందే, 14వ శతాబ్దంలో, ఒక బంజారా కట్టించాడంటారు. మన తండాల్లోని లంబాడీలూ బంజారాలే.

కోటలో గైడు గంటసేపు చెప్పిన కథలో వీళ్లకు రెండు మాటలే దక్కాయి. మన దగ్గరా అంతే. 1922–24 మన్యం పోరాటం అనగానే అల్లూరి పేరు చెప్పే పిల్లలు, గాం గంటందొర, గాం మల్లుదొర ఎవరని అడిగితే ఆగిపోతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! హోటల్లో పని చేయడం చిన్నతనం కాదు. అందులో అతిథిగా దిగడం గొప్పతనమూ కాదు. ఎక్కడికి వెళ్లినా ముందు గుమ్మం నుంచే వెళ్లండి. ఆ గోడలో మనవాళ్ల చెమట ఎంతుందో తెలుసుకుని వెళ్లండి.

తోటి టీచర్లకు ఒక మాట. ఇప్పుడు మా బడిలో కోట, చెరువు, ఆనకట్ట పాఠం వస్తే బోర్డు మీద రెండు ప్రశ్నలు రాస్తున్నాం: ఎవరు కట్టించారు? ఎవరు మట్టి మోశారు? మొదటి వారమే ఒక పిల్ల తాతను అడిగి, మా గెడ్డకు అడ్డుకట్ట వేసిన పదకొండు మంది పేర్లు రాసుకొచ్చింది. వాటిలో నాలుగు ఆడవాళ్లవి.