బాణం ఎటు చూపిస్తే అటేనా?

ఎడిన్‌బరోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఆ హైదరాబాదీ కిందటి ఏప్రిల్లో ఓ శనివారం బెన్ నెవిస్ ఎక్కాడు. బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన కొండ. అయినా 1,345 మీటర్లే, మన హిమాలయాల ముందు పిల్లకొండ! కానీ శిఖరం బల్లపరుపుగా ఉంటుంది. దానికి ఉత్తరాన నిలువు కొండచరియలు. పొగమంచు కమ్మిందంటే నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే.

దిగేటప్పుడు అదే జరిగింది. చలికి సెల్‌ఫోన్ ఆగిపోయింది. వెనకొస్తున్న పెద్దాయనెవరో జాకెట్ పట్టుకుని గుంజకపోతే ఇంకో నాలుగడుగుల్లో గార్డీలూ గల్లీ అనే కొండ చీలిక. ఇంటికొచ్చి 'బాగా అలసిపోయాను' అన్నాడంతే. నెల తర్వాత స్నేహితుడొకడు నోరు జారాడు. భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఒకటే మాట: ''సరైన జీపీఎస్ కొనుక్కుని వెళ్ళండి. లేదంటే ఆ కొండ వద్దు.''

సరైనదంటే ఏది? దుకాణంలో పెద్ద తెర ఉన్నదే ముందు కళ్ళబడింది. వేలితో తాకితే చాలు. మందపాటి గ్లౌజులతో, వానలో అది మాట వింటుందా? బటన్లున్నదే నయం అనుకున్నాడు. ఉపగ్రహం ద్వారా ఇంటికి మెసేజ్ పంపే రకాన్ని భార్యే వద్దంది. ''పడ్డాక కబురు చెప్పేది కాదు, పడకుండా చూసేది కావాలి.'' పైగా అలాంటివి లైసెన్సు లేకుండా ఇండియాకి తేకూడదు. ఏటా సంక్రాంతికి ఆ బ్యాగు సర్దేది ఆవిడే మరి!

చివరికి గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ మిగిలాయి. చూడ్డానికి కవలలే. రెండూ మామూలు పెన్సిల్ సెల్స్‌తో పనిచేస్తాయి. చలిలో ఆల్కలైన్ సెల్స్ త్వరగా నీరసిస్తాయి గనక లిథియంవి వేసుకోవాలి. తేడా దిక్సూచి దగ్గర. 22ఎక్స్‌కి మనం నడుస్తుంటేనే ఎటు వెళుతున్నామో తెలుస్తుంది. మంచులో దారి తప్పినవాడు చేసే మొదటి పని ఆగిపోవడం కదా! 32ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉంది, నిలబడ్డా దిక్కు చెబుతుంది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కూడా లెక్కేస్తుంది. సెల్స్ మార్చినప్పుడల్లా దిక్సూచిని సరిచేసుకోవాలి, అదొక్కటే తలనొప్పి. అదే కొన్నాడు.

ఆ రాత్రి ఉప్పల్‌లో ఉన్న తండ్రికి వీడియోలో చూపించాడు. ఆయన సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి రిటైరయ్యారు.

''డేటమ్ ఏం పెట్టావురా?'' అన్నారాయన.

''అంటే?''

''భూమి ఆకారాన్ని ఒక్కో దేశం ఒక్కోలా లెక్కేసి మ్యాపులు గీసుకుంది. మా పాత టోపోషీట్లకి ఎవరెస్ట్ లెక్క. జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84. అక్కడి మ్యాపులది ఏదో చూడు.''

చూశాడు. ఓఎస్‌జీబీ 36. పొరపాటున అది మార్చకుండా మ్యాపు గళ్ళతో పోల్చుకుంటే సుమారు వంద మీటర్లు తేడా. 2000 మే దాకా అమెరికా కావాలనే సిగ్నల్‌ని చెడగొడితే వచ్చిన తేడా కూడా దాదాపు అంతేనట. మైదానంలో వంద మీటర్లు లెక్కలోది కాదు. ఆ కొండ మీద అయితే?

''ఇప్పుడు శిఖరం నుంచి కిందున్న దారికి బాణం పెట్టు'' అన్నారు. పెట్టాడు. తెర మీద తిన్నటి గీత పడింది. మ్యాపుతో పోల్చి చూస్తే గుండె ఝల్లుమంది. గీత సరిగ్గా గార్డీలూ గల్లీ మీదుగా పోతోంది! మరి యంత్రానికి అగాధం సంగతేం తెలుసు? అంచున పేరుకుని గాల్లోకి వేలాడే మంచు అసలే తెలీదు.

అక్కడివాళ్ళకి కంఠతా వచ్చిన లెక్క ఒకటుంది. శిఖర స్తంభం నుంచి 231 డిగ్రీల దిక్కున 150 మీటర్లు. అక్కడ తిరిగి 282 డిగ్రీలు. ఆ మలుపు మరిస్తే ఎడమవైపు ఫైవ్ ఫింగర్ గల్లీ కాచుకుని ఉంటుంది. తండ్రి చెప్పినట్టే ఆ మలుపుని యంత్రంలో విడిగా గుర్తు పెట్టుకున్నాడు. రెండంకెలూ కాగితం మీద రాసి, పాత దిక్సూచితో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు.

''మామయ్యగారూ, ఇక పంపించొచ్చా?'' అందావిడ వెనకనుంచి.

''ముందు ఊరిపక్క గుట్టల మీద పరీక్ష పెట్టమ్మా.''

తర్వాతి ఆదివారం పెంట్‌లాండ్ కొండల మీద పొగమంచు. యంత్రం ఆవిడ చేతిలో ఉంది. అతను తెర చూడకుండా, చేతిలో దిక్సూచితో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాడు. ''ఎడమకి పోతున్నారు'' అంది. నమ్మలేదు. రెండోసారి అన్నాక ఆగాడు.